నకలు

బాలానగర్‌లో ఫ్లెక్సీలు అచ్చేసే షాపు పైన
ఒంటి గది మా ఆఫీసు.
ఇనప మెట్లు పదిహేడు.
నా మోకాళ్ళకు ఒక్కో మెట్టూ పేరుపేరునా తెలుసు.

ఎనభై ఆరులో ఏడాదికి పదకొండు రసీదు బుక్కులు చిరిగేవి.
జీతాల రోజు గేటు పక్కన స్టూలేసుకుని కూర్చుంటే
నూనె వేళ్ళ ముద్రలు పడి
చందా నోట్లు లేతు మిషను వాసన కొట్టేవి.
ఇప్పుడున్న బుక్కు ఆరేళ్ళ కిందటిది,
సగం కూడా అవలేదు.

మొన్న దేవసహాయం పోయాడు.
లిస్టులో గీత కొట్టి లెక్కపెడితే
పంతొమ్మిది మంది.
నలుగురికి కనబడదు, ఒకరికి వినబడదు,
నాకు రెండూ కొంచెం కొంచెం.

కింద ఖుర్షీద్ భాయ్ చాయ్ బండి దగ్గర
రోజూ ఇదే పంచాయితీ.
"మీరే మూయించిన్రు కంపెనీ,"
అంటాడు ఫ్లెక్సీ షాపు ఓనరు,
"డెబ్బై మూడు రోజులు సమ్మె జేస్తే ఎవడాగుతడు?
ఆర్డర్లన్ని పుణె పాయె."
చేయకపోతే ఆగేవా? అంటాను.
"మరి మీ సెక్రెటరీకి కొంపల్లిల ప్లాటెట్లొచ్చింది?"
చాయ్‌లో చక్కెర ఎక్కువైందంటాను.

అబద్ధమెందుకు,
విజిల్ ఊదితే నలభై రెండు లేతులు
ఒక్కసారిగా ఊపిరి బిగబట్టేవి.
ఆ నిశ్శబ్దం రుచి మరిగాం.
క్యాంటీన్ పప్పు పలచనైనా ఊదాం.
ఫోర్‌మన్ ఎవరినో "ఒరేయ్" అన్నా ఊదాం
(అది మాత్రం ఇప్పటికీ సబబే అంటాను).
సనత్‌నగర్ ఈఎస్‌ఐలో
నా భార్య కడుపు కోసి కుట్టారు, పైసా అడగలేదు.
ఆ కుట్లలో మా దారమూ ఉంది.

బుచ్చమ్మ సంగతి ఎవరూ ఎత్తరు.
లేతుల కింద ఇనప రజను ఊడ్చేది,
కాంట్రాక్టు మనిషి.
ఒక జీతాల రోజు లైన్లో చివరన నిలబడి
కొంగు ముడి విప్పి అయిదు రూపాయలు చాపింది.
"నా పేరు గూడ రాయి సారూ."
బైలా తీశాను. మూడో క్లాజు.
పర్మినెంటు వాళ్ళకే, అని చదివి వినిపించాను.
నేనే.
ఆమె అరిచి ఉంటే బాగుండేది.
నోటు మళ్ళీ ముడేసుకుంది, పళ్ళతో బిగించి.

తర్వాత ముప్పై మంది అయ్యారు అలాంటి వాళ్ళు,
తర్వాత నూట యాభై.
ఒకరోజు విజిల్ ఊదితే
సగం లేతులు తిరుగుతూనే ఉన్నాయి.

నిన్న సాయంత్రం వాన.
వీపు మీద పెద్ద డబ్బా సంచితో
ఒక పిల్లవాడు తడుస్తూ మెట్లెక్కాడు.
సుమంత్, చింతల్‌లో ఉంటాడట.
మూడు రోజులైందట ఐడీ బ్లాకై.
"మేనేజరెవరు?" అన్నాను.
"తెల్వదంకుల్."
"మరి నోటీసెవరికిస్తాం? గేటెక్కడ?"
నవ్వాడు. ఫోను ఎత్తి చూపించాడు.
గీసుకుపోయిన అద్దంలో నా ముఖమే కనిపించింది.

"మీ యూనియన్ల చేరితే ఏమొస్తది?"
ఇరవై ఏళ్ళ కిందైతే అరగంట ఉపన్యాసమిచ్చేవాణ్ణి.
"నాకూ తెలీదు బాబూ," అన్నాను,
"ఒక్కడివి కాకుండా పోతావు."
పెద్దగా నమ్మినట్టు లేడు.
వాన మాత్రం తగ్గలేదు.

"పదే కదా, స్కానర్ ఉందా?"
లేదు.
ఇద్దరం కిందికి దిగాం.
వాడు ఖుర్షీద్ భాయ్‌కి ఫోన్లో కొట్టాడు,
ఖుర్షీద్ భాయ్ గల్లా తీసి నా చేతికి నోటిచ్చాడు,
"చందాకు కూడ నేనే జామీనా?" అని గొణుగుతూ.

మళ్ళీ పైకెక్కి బైలా తీశాను.
మూడో క్లాజు అక్కడే ఉంది.
పుస్తకం మూసి దాని మీదే రసీదు బుక్కు పెట్టి రాశాను:
నంబరు నలభై ఏడు. సుమంత్. పది రూపాయలు.

కాగితం చించి ఇచ్చాక చూస్తే
కింది నకలు ఖాళీ.
కార్బను ఎండిపోయింది ఎప్పుడో.
వాడు మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ
నకలు మీద మళ్ళీ మొదటినుంచి
పెన్నుతోనే రాశాను.
ఒత్తి, కింది కాగితానికీ దిగేలా.